సుడిగాలి వెంట పడేవాళ్ల మర్యాదలు, తగాదాలు

డల్లాస్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు మొదటి నెలలోనే ఒకసారి హడలిపోతారు. నెలలో మొదటి బుధవారం, మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి నగరమంతా సైరన్లు మోగుతాయి. బయట చూస్తే ఎండ. పక్క సీటాయన శాండ్‌విచ్ తింటూనే ఉంటాడు. సుడిగాలి వస్తే హెచ్చరించే టోర్నడో సైరన్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటున్నారని ఎవరో చెప్పేదాకా గుండె దడ తగ్గదు. తర్వాత ఏదో ఒక ఏప్రిల్లో, బుధవారం కాని రోజున, అవే సైరన్లు నిజంగా మోగుతాయి. అప్పుడు మనుషులు రెండు రకాలుగా విడిపోతారు. పిల్లల్ని తీసుకుని కిటికీల్లేని బాత్రూంలోకి దూరి నెత్తిన పరుపు కప్పుకునేవాళ్లు ఒక రకం. ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పోయేవాళ్లు రెండో రకం.

ఈ వ్యాసం రెండో రకం వాళ్ల కోసం. నేనూ ఆ రకమే. మొదట బాల్కనీ. ఏడాది తిరిగేసరికి ఫోన్లో రాడార్ యాప్. ఇంకో ఏడాదికి ఒక శనివారం పొద్దున ‘మూడు గంటలు ఉత్తరానికి పోతే ఓక్లహోమాలో సూపర్‌సెల్ దొరుకుతుందేమో’ అన్న ఆలోచన. కారు తాళాలు తీసుకున్నామంటే అది స్టార్మ్ ఛేజింగే. ఆ లోకంలోకి అడుగుపెట్టిన కొత్తవాడికి మబ్బుల సంగతి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉంటారు. అక్కడ ఏం చేస్తే పరువు పోతుందో, ఏ మాటెత్తితే కొట్లాట మొదలవుతుందో చెప్పేవాళ్లే తక్కువ.

ముందు ఒక మాట సర్దుకోవాలి. ‘స్టార్మ్’ అనగానే తెలుగులో తుఫాను అనేస్తాం. మన తుఫాను వేరు. అది బంగాళాఖాతంలో పుట్టి, హుద్‌హుద్ లాగా ఒక పేరు పెట్టించుకుని, రెండు మూడు రోజుల ముందే కబురు పంపి మరీ వస్తుంది. ఇక్కడ మాట్లాడేది ఒక్క ఉరుముల మబ్బు గురించి. మధ్యాహ్నం మూడింటికి ఆకాశంలో కాలీఫ్లవర్ లాగా ఉబ్బి, రాత్రి తొమ్మిదికల్లా చచ్చిపోయే మబ్బు. అలాంటి వాటిలో కొన్ని తమ చుట్టూ తాము తిరగడం మొదలుపెడతాయి. వాటినే సూపర్‌సెల్ అంటారు. వాటిలోనూ కొన్నే టోర్నడోని కిందికి దింపుతాయి. అమెరికాలో ఏడాదికి సుమారు 1,200 టోర్నడోలు నమోదవుతాయి. టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్, నెబ్రాస్కా మైదానాల్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ముఖ్యంగా మే నెలలో, వీటి సీజన్. హెచ్చరిక వచ్చాక జనానికి దొరికే టైము సగటున పది నిమిషాలు అటూ ఇటూ.

తుఫాను మన గుమ్మంలోకి వస్తుంది. టోర్నడో దగ్గరికి మనమే పని మానుకుని, పెట్రోలు పోయించుకుని పోతాం. ఆ మబ్బు కింద ఇల్లున్నవాడికి అది గండం. మనకి అది శనివారం సరదా. ఛేజర్ల మధ్య నడిచే మర్యాదలన్నీ, తగాదాలన్నీ ఈ తేడా దగ్గరే పుడతాయి.

నువ్వెందుకు వచ్చావు?

ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. డేవిడ్ హోడ్లీ అనే ఆయన 1956లో, నార్త్ డకోటాలో, ఒక్కడే కారేసుకుని మబ్బుల వెనక తిరగడం మొదలుపెట్టాడు. రాడార్ యాప్ లేదు, సెల్‌ఫోన్ లేదు. వాతావరణ శాఖ ఆఫీసుకి వెళ్లి లెక్కలు అడిగి, చేత్తో మ్యాపు గీసుకుని బయల్దేరేవాడు. 1977లో ఛేజర్ల కోసం ఒక చిన్న పత్రిక కూడా నడిపాడు. ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న జాతీయ తీవ్ర తుఫానుల పరిశోధనశాల వాళ్లు 1973 మే 24న యూనియన్ సిటీ టోర్నడోని ఒకపక్క నేల మీద నుంచి సినిమా తీస్తూ, ఇంకోపక్క డాప్లర్ రాడార్‌తో చూశారు. టోర్నడో పుట్టకముందే మబ్బు లోపల తిరుగుడు రాడార్‌లో కనిపించింది. ఇవాళ్టి హెచ్చరికలకి పునాది అదే. 1996లో ‘ట్విస్టర్’ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది, 2007 నుంచి టీవీ సీరీస్ నడిచింది, ఆపైన అరచేతిలోకి రాడార్ వచ్చేసింది. అంతే, రోడ్లు నిండిపోయాయి.

ఇప్పుడు ఆ రోడ్డు మీద ఎవర్నైనా ఆపి ‘నువ్వెందుకు వచ్చావు’ అని అడిగితే నాలుగు రకాల జవాబులు వస్తాయి. సైన్సు కోసం. జనానికి హెచ్చరిక అందించడానికి. వీడియో అమ్ముకోవడానికి. చూడ్డానికి. నాలుగూ నిజమైన కారణాలే, నాలుగూ చేసేవాళ్లున్నారు. చిక్కల్లా ఎక్కడంటే, నాలుగోదాని కోసం వచ్చి మొదటి రెండిటి పేరు చెప్పుకునేవాళ్లు చాలామంది. చూడ్డానికి రావడం తప్పు కాదు. తిరుపతి కొండమీద మేఘాలు దిగితే బండి ఆపి చూడమా? కానీ చూడ్డానికి వచ్చినవాడు ‘నేను ప్రాణాలు కాపాడుతున్నా’ అనుకోవడం మొదలుపెట్టిన క్షణం నుంచి అతనికి స్పీడ్ లిమిట్ వర్తించదనిపిస్తుంది, స్టాప్ సైన్ కనిపించదు, రోడ్డు మధ్యలో బండి ఆపినా పర్వాలేదనిపిస్తుంది. నేను చూసిన గొడవల్లో సగం ఇక్కడి నుంచే పుట్టాయి.

సుడిగాలి కంటే రోడ్డే ప్రమాదం

కొత్తవాడు మొదటి రోజు టోర్నడోకి భయపడతాడు. అనుభవమున్నవాడు రోడ్డుకి భయపడతాడు. చార్ల్స్ డాస్వెల్ అనే వాతావరణ శాస్త్రవేత్త, ఛేజర్ల భద్రత గురించి అందరికంటే ముందు గట్టిగా రాసినాయన, ప్రమాదాలకి ఒక వరస చెప్పాడు. మొదటిది డ్రైవింగ్, రెండోది పిడుగు, ఆ తర్వాతే మబ్బు. లెక్క చూసినా అంతే. 1984లో ఛేజింగ్‌కి వెళ్లిన ఓక్లహోమా యూనివర్సిటీ విద్యార్థి ఒకరు రోడ్డుకి అడ్డొచ్చిన కుందేలుని తప్పించబోయి చనిపోయాడు. 2017 మార్చి 28న టెక్సస్‌లోని స్పర్ అనే చిన్న ఊరి దగ్గర, టోర్నడో హెచ్చరిక నడుస్తుండగా, ఒక బండి స్టాప్ సైన్ దగ్గర ఆగకుండా దూసుకుపోయి ఇంకో బండిని గుద్దింది. రెండూ ఛేజర్ల బళ్లే. రెంటిలో ఉన్న ముగ్గురూ అక్కడికక్కడే పోయారు. 2022 ఏప్రిల్ 29 రాత్రి కాన్సస్‌లో ఛేజింగ్ ముగించుకుని వస్తున్న ముగ్గురు మీటియరాలజీ విద్యార్థుల కారు, ఓక్లహోమాలోని టొంకావా దగ్గర హైవే మీద నిలిచిన నీళ్లలో జారింది. వెనక నుంచి వచ్చిన పెద్ద ట్రక్కు గుద్దింది. చూడాల్సింది చూసేశారు, ఇంటికొచ్చే దారిలో పోయారు.

ఈ రోడ్ల స్వభావం తెలిస్తే మర్యాదలు వాటంతటవే అర్థమవుతాయి. ఓక్లహోమా, కాన్సస్ పల్లెల్లో నేలని మైలుకొక గడి చొప్పున గళ్లుగా కోసి, గడి చుట్టూ రోడ్లేశారు. మ్యాపులో చదరంగం పలకలాగా ఎంతో పద్ధతిగా కనిపిస్తుంది. కానీ అన్నీ తారు రోడ్లు కావు. కొన్ని కంకర, కొన్ని ఉత్త మట్టి. ఓక్లహోమా ఎర్రమట్టి మీద పది నిమిషాలు వాన పడిందంటే మన డెల్టా చేల గట్ల మీద స్కూటర్ నడిపినట్టే. స్టీరింగ్ ఎటు తిప్పినా కారు దానిష్టం వచ్చినట్టు పోతుంది. కొన్ని రోడ్లు వాగు దగ్గరికొచ్చి వంతెన లేక ఆగిపోతాయి. ఫోన్ మ్యాపు ఆ సంగతి చెప్పదు. వెనక సుడిగాలి, ముందు వాగు.

మంచి సూపర్‌సెల్ ఒక్కటే ఉన్న రోజున, వంద మైళ్ల చుట్టుపక్కల తిరుగుతున్న ఛేజర్లందరూ ఇలాంటి ఒక్క రోడ్డు మీదికే చేరతారు. దీన్ని వాళ్ల భాషలో ‘కన్వర్జెన్స్’ అంటారు. రెండు వైపులా బారులు తీరిన కార్లు, సగం రోడ్డు మీదికి తెరిచిన తలుపులు, తెల్ల గీత మీద ట్రైపాడ్లు. మధ్యలో పశువుల ట్రైలర్‌తో ఇంటికి పోదామనుకునే రైతు, సైరన్ మోగించుకుంటూ షెరీఫ్ బండి.

అందుకే కొత్తవాడికి అందరికంటే ముందు చెప్పేది బండి ఆపడం గురించి. నాలుగు చక్రాలూ రోడ్డు దిగాలి. కొండ గుట్ట ఎక్కేచోట, మలుపులో ఆపకూడదు. రోడ్డు వైపు తలుపు తీసేముందు అద్దంలో చూడాలి. రైతు గేటుకి అడ్డం పెట్టకూడదు, అటు తాళం లేకపోయినా సరే. గోధుమ చేలోకి టైరు దింపకూడదు. బండి ముక్కు ఎప్పుడూ బయటపడే దారి వైపే ఉండాలి. ఇంకొకటి, ఇది భద్రత కాదు, అచ్చంగా మర్యాదే: చీకటి పడ్డాక నలుగురు ట్రైపాడ్లు పెట్టుకున్న చోటికి వస్తే హెడ్‌లైట్లు ఆర్పెయ్యాలి. నీ లైటు పడితే పక్కాయన ముప్పై సెకన్ల మెరుపు ఫోటో తెల్ల కాగితమైపోతుంది. పక్కన వీడియో తీస్తున్నప్పుడు కేకలు పెట్టకూడదు. నీ ‘ఓ మై గాడ్’ అతని మైకులో శాశ్వతంగా ఉండిపోతుంది.

వడగళ్లకి భయపడి హైవే మీద ఫ్లైఓవర్ కింద ఆపడం అన్నిటికంటే ఘోరం. 1991లో కాన్సస్‌లో ఒక టీవీ బృందం అలా వంతెన కింద దాక్కుని బతికిన వీడియో దేశమంతా తిరిగింది. జనం అదే పద్ధతి అనుకున్నారు. 1999 మే 3న ఓక్లహోమాలో వరసగా టోర్నడోలు విరుచుకుపడినప్పుడు వంతెనల కింద చేరినవాళ్లలో ముగ్గురు చనిపోయారు. వంతెన కింద గాలి ఇరుకులోంచి ఇంకా వేగంగా తోసుకొస్తుంది, పైగా అక్కడ ఆపిన బళ్లు వెనకున్న వందల బళ్లకి తప్పించుకునే దారి లేకుండా చేస్తాయి.

ఎల్ రీనో తర్వాత

ఛేజర్ల మధ్య ‘ఎంత దగ్గరికి పోవచ్చు’ అన్న చర్చ వస్తే ఎవరో ఒకరు ఓక్లహోమాలోని ఎల్ రీనో అనే ఊరి పేరెత్తుతారు. ఎత్తాక కాసేపు ఎవరూ మాట్లాడరు.

2013 మే 31 సాయంత్రం. సరిగ్గా పదకొండు రోజుల క్రితమే మూర్ పట్టణం మీద టోర్నడో పడి 24 మంది చనిపోయారు. జనం ఇంకా ఆ బెదురులోనే ఉన్నారు. సాయంత్రం ఆరు దాటాక ఎల్ రీనోకి నైరుతి దిక్కున పొలాల్లో ఒక టోర్నడో దిగింది. ముందు తూర్పు ఆగ్నేయంగా నడిచింది. చూస్తుండగానే ఉబ్బి 2.6 మైళ్ల వెడల్పయింది, అంటే నాలుగు కిలోమీటర్ల పైమాటే. ఇప్పటిదాకా కొలిచిన వాటిలో అంత వెడల్పైనది ఇంకోటి లేదు. అంత పెద్దది కళ్లకి టోర్నడోలాగా కనిపించదు. దిక్కంతా కమ్మేసిన వాన తెరలాగా ఉంటుంది. ఆ తెరలోపల చిన్న సుడులు విడివిడిగా తిరుగుతున్నాయి. అంతలో అది ఉన్నట్టుండి ఈశాన్యానికి తిరిగి వేగం పెంచింది.

టిమ్ సమారస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ఒక చిన్న షెవ్రోలే కారులో ఆ దారిలో ఉన్నారు. ముగ్గురూ చనిపోయారు. టోర్నడో చేతిలోనే ఛేజర్లు చనిపోవడం, తెలిసినంతలో అదే మొదలు. సమారస్ దుడుకు మనిషి కాదు. జాగ్రత్తపరుడని పేరున్నవాడు, కొలతల మనిషి. 2003 జూన్‌లో సౌత్ డకోటాలోని మాంచెస్టర్ దగ్గర ఆయన రోడ్డు మీద పెట్టిన తాబేలు ఆకారపు యంత్రం మీదుగా టోర్నడో వెళ్లింది. లోపల గాలి పీడనం ఒక్కసారిగా 100 మిల్లీబార్లు పడిపోయిందని ప్రపంచానికి తెలిసింది దానివల్లే. ఎల్ రీనోలో ఆ సాయంత్రమే ఒక టీవీ ఛానల్ బండిని కూడా టోర్నడో ఎత్తి పొలంలోకి విసిరింది. అందులోవాళ్లు అదృష్టం కొద్దీ బతికారు.

అప్పటిదాకా ‘కొత్తవాళ్లు, వెర్రివాళ్లు చచ్చిపోతారు, మనం కాదు’ అనుకున్న పాతకాపులకి ఆ ధీమా పోయింది. అప్పటి నుంచి రెండు పక్షాలు. ఒక పక్షం అంటుంది: దూరంగా ఉంటే అసలు పని జరగదు, సైన్సుకైనా వీడియోకైనా దగ్గరికి పోక తప్పదు, ఎవడి ప్రాణం వాడిష్టం. రెండో పక్షం జవాబు: ఎవడి ప్రాణం వాడిష్టమే, కానీ నువ్వు చిక్కుకుంటే నిన్ను వెతకడానికి వచ్చేవాడి ప్రాణం నీ ఇష్టం కాదు. మబ్బులో వాన, వడగళ్లు చుట్టేసిన తిరుగుడు భాగాన్ని ఛేజర్లు ‘ఎలుగుబంటి బోను’ అంటారు. అందులోకి పోయేవాడు బయటికి కనిపించడు, అతనికీ బయట ఏముందో కనిపించదు. నేను రెండో పక్షమే. ఎందుకంటే ఎల్ రీనో రోజున రోడ్ల మీద ఉన్నది ఛేజర్లు మాత్రమే కాదు. ఇళ్లలో ఉంటే లాభం లేదనుకుని వేలమంది కార్లేసుకుని బయటపడ్డారు. కార్లలో దక్షిణానికి వెళ్లిపొమ్మని టీవీలో చెప్పినాయన కూడా ఉన్నాడు. ఓక్లహోమా సిటీ చుట్టూ హైవేలు నిలిచిపోయాయి. సుడిగాలి అటు తిరిగి ఉంటే ఏమయ్యేదో తల్చుకోవడానికే భయమేస్తుంది. అలాంటి రోడ్డు మీద అనవసరంగా ఉన్న ప్రతి కారూ ఎవరో ఒకరికి అడ్డమే, నాదైనా సరే.

రంగు లైట్లు, లైసెన్సులు

కొత్తవాళ్లు చాలామంది చేసే మొదటి ఖర్చు కారు పైన పసుపు లైట్లు. చూడ్డానికి ఏదో డిపార్ట్‌మెంట్ బండిలా ఉంటుంది. పాతవాళ్లకి అది కనిపిస్తే చాలు ఒళ్లు మండుతుంది. లైట్లు ఎవరు పెట్టుకోవచ్చో రాష్ట్రానికో చట్టం ఉంది. చాలాచోట్ల అది రోడ్డు పనివాళ్లకి, బళ్లు లాక్కెళ్లేవాళ్లకి ఇచ్చిన వెసులుబాటు, ఛేజర్లకి కాదు. వానలో ఆపిన బండి కనిపించడానికి లైటు ఉంటే మంచిదేగా అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో కొంత పస ఉంది. కానీ ఆ లైటేసుకుని ఎదుటివాళ్లని పక్కకి తప్పుకోమనేవాణ్ణి సమర్థించే మనిషిని నేనింతవరకు చూడలేదు. ఛేజర్ అన్నవాడికి మామూలు డ్రైవర్‌కి లేని హక్కు రోడ్డు మీద ఏదీ లేదు.

దీన్నుంచే లైసెన్సుల గొడవ. ఛేజర్లకి లైసెన్సులు ఇవ్వాలని ఓక్లహోమా శాసనసభలో బిల్లులు కూడా వచ్చాయి. టీవీ స్టేషన్ల తరఫున తిరిగేవాళ్లకైనా గుర్తింపు ఉంటే పోలీసులు ఎవర్ని పోనివ్వాలో ఎవర్ని ఆపాలో తెలుస్తుందని ఒక వాదన. ప్రభుత్వ రోడ్డు మీద నిలబడి ఆకాశం చూడ్డానికి లైసెన్సేంటని ఎదురు వాదన. ఈ చర్చలో కొత్తవాడు నోరు పారేసుకోకపోవడం మంచిది. రెండు వైపులా చాలా ఏళ్ల పాత కక్షలున్నాయి. 2009, 2010ల్లో వోర్టెక్స్-2 అనే పెద్ద పరిశోధన జరిగింది. వందమంది దాకా శాస్త్రవేత్తలు, నలభై దాకా బళ్లు. ఆ బళ్లు సమయానికి కదలకుండా సరదా ఛేజర్ల గుంపులు అడ్డొచ్చాయని పరిశోధకులు బహిరంగంగానే ఫిర్యాదు చేశారు. ‘రోడ్డు మీ ఒక్కరిదా’ అని ఛేజర్లు తిరగబడ్డారు. ఆ మంట ఇంకా పూర్తిగా ఆరలేదు.

చుక్కలు, కబుర్లు

అమెరికా వాతావరణ శాఖకి కళ్లలాంటి వలంటీర్లున్నారు. స్కైవార్న్ పేరుతో ఉచితంగా శిక్షణ ఇస్తారు, లక్షలమంది తీసుకున్నారు. రాడార్ పైనుంచి తిరుగుడు చూడగలదు కానీ, దూరం పోయేకొద్దీ దాని కిరణం నేలకి చాలా ఎత్తులో వెళ్తుంది. అడుగున ఏం జరుగుతోందో మనిషే చూసి చెప్పాలి. కాబట్టి ‘ఛేజర్ల వల్ల ప్రాణాలు నిలుస్తాయి’ అన్నమాట అబద్ధం కాదు. అయితే అది ఫోన్ చేసి సరిగ్గా చెప్పినప్పటి మాట. ఎక్కడున్నావు, ఏ దిక్కున చూస్తున్నావు, ఏం చూశావు, ఎన్ని గంటలకి. అంతే. కొత్తవాడు ఎక్కువగా మోసపోయేది చీలికలు పేలికలుగా కిందికి వేలాడే మబ్బు ముక్కల దగ్గర. దూరం నుంచి అచ్చం తొండంలాగా ఉంటాయి. ఒక్క నిమిషం ఓపిక పట్టి చూస్తే తిరగడం లేదని తెలిసిపోతుంది. ఆ నిమిషం ఓపిక లేక టోర్నడో అని చెప్పేసినవాణ్ణి తర్వాత ఎవరూ నమ్మరు.

స్పాటర్ నెట్‌వర్క్ అని ఒక ఏర్పాటుంది. చేరినవాళ్ల కార్లు ఎక్కడున్నాయో మ్యాపు మీద చుక్కలుగా కనిపిస్తాయి. వాతావరణ శాఖ ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ‘ఈ మబ్బు దగ్గర మనిషున్నాడు’ అని తెలుస్తుంది. మంచి పనే. కానీ కొత్తవాళ్లు మబ్బుని చదవడం మానేసి చుక్కల్ని వెంబడిస్తారు. పేరున్న ఛేజర్ చుక్క ఎటు కదిలితే అటు ఇరవై కార్లు. దీనికి విసిగి చాలామంది తమ చుక్కని ఆపేసుకున్నారు. వాళ్లు ఆపేసుకుంటే వాతావరణ శాఖకి కళ్లు తగ్గుతాయి. ఎవరిది తప్పు? నన్నడిగితే వెంబడించినవాడిదే. ‘ఇవాళ ఎటు పోతున్నావు’ అని తెలియని మనిషిని అడగడం కూడా ఈ జాబితాలోదే. తన పదేళ్ల కష్టంతో వేసుకున్న లెక్క అది. ‘నాకు ఫలానా చోట అవుతుందనిపిస్తోంది, ఎక్కడైనా పొరబడ్డానా’ అని అడిగిచూడండి, గంటసేపు విడమరిచి చెప్తారు.

ఆ చుక్కలతోనే ఒక పని చేస్తారు వీళ్లు. ఎల్ రీనో తర్వాత చనిపోయిన ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు మ్యాపు మీద కనిపించేలా తమ చుక్కల్ని పేర్చారు. 1996 సినిమాలో నటించిన బిల్ పాక్స్‌టన్ 2017లో పోయినప్పుడు కూడా అంతే. ఒకరి మొహం ఒకరు చూడనంతగా కొట్లాడుకునేవాళ్లు సైతం ఆ అక్షరాల్లో పక్కపక్కనే ఉన్నారు.

సంతోషించొచ్చా?

టోర్నడో దిగితే ఛేజర్‌కి సంతోషం. ఇది దాచినా దాగదు. వారం సెలవు పెట్టి రెండు వేల మైళ్లు తిరిగి నీలాకాశం చూసొచ్చేవాళ్లే ఎక్కువ. దాన్ని ‘బస్ట్’ అంటారు, అదే మామూలు. అందుకే నిజంగా దిగినప్పుడు కేక దానంతటదే వస్తుంది. ఖాళీ పొలంలో దిగితే కేకేసుకో, ఎవరూ ఏమనరు. కానీ అదే లైవ్‌లో ఉండి, అదే సుడిగాలి అర నిమిషంలో ఒకరి పశువుల కొట్టాన్ని లేపేస్తే? ఆ కేక ఆ వీడియోలో అలాగే ఉంటుంది. ఆ ఇంటివాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు.

లైవ్‌లు పెరిగాక డబ్బు గొడవ కూడా ముదిరింది. ఒకప్పుడు క్యాసెట్ తీసుకెళ్లి టీవీ స్టేషన్‌కి అమ్మేవాళ్లు. ఇప్పుడు ఒకే టోర్నడోకి వంద వీడియోలు, కాబట్టి అందరికంటే దగ్గరగా తీసినవాడిదే చెల్లుతుంది. వ్యూస్ కోసం దగ్గరికి, ఇంకా దగ్గరికి. ఇంకోవైపు వారం ముందే ‘చరిత్రలో లేని విపత్తు’ అని బొమ్మలేసి జనాన్ని హడలగొట్టేవాళ్లు. 2019 మే 20న ఓక్లహోమాకి అత్యున్నత స్థాయి ప్రమాద సూచన ఇచ్చారు, బడులు మూసేశారు. టోర్నడోలు వచ్చాయి గానీ, భయపడ్డంత ఘోరం జరగలేదు. అలాంటి రోజు తర్వాత జనం హెచ్చరికని తేలిగ్గా తీసుకోవడం మొదలుపెడతారు. శాస్త్రవేత్తలే తమ అంచనా గురించి అన్ని జాగ్రత్తలు తీసుకుని మాట్లాడుతుంటే, ఊకదంపుడు బొమ్మలు పంచేవాళ్లకి ఆ మాత్రం వెరపు ఉండొద్దా?

ఊరు పడిపోయాక ఏం చెయ్యాలన్న దాని మీద మాత్రం పెద్దగా తగాదా లేదు. అంబులెన్స్ కంటే ముందు నువ్వే అక్కడికి చేరితే ఛేజింగ్ అక్కడితో అయిపోయినట్టే. 911కి ఫోన్, తర్వాత చేతనైన ప్రథమ చికిత్స. తెగిపడ్డ కరెంటు తీగలు తొక్కకూడదు, గ్యాస్ వాసన వస్తే వెనక్కి రావాలి. అంబులెన్సులు వచ్చేశాక నీ కారు అక్కడ అడ్డం, వెళ్లిపోవాలి. కూలిన ఇంటి ముందు కూర్చున్న మనిషిని అడక్కుండా ఫోటో తియ్యకూడదు. దీనికి శిక్షణ అక్కర్లేదు.

రాత్రి ఛేజింగ్, అలబామా వైపు చెట్లూ గుట్టల మధ్య ఛేజింగ్, ఈ రెండూ కొత్తవాడికి వద్దు. అక్కడ మబ్బులు వేగంగా పోతాయి, వంద గజాల అవతల ఏముందో కనపడదు. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

మన రంగు గురించి

ఇది మనవాళ్లు బయటికి మాట్లాడరు. పల్లె రోడ్డు పక్కన, ఒకరి పొలం గేటు దగ్గర, పెద్ద కెమెరాతో తెలియని మనిషి. ఆ మనిషి మనలాంటి రంగువాడైతే పికప్ ట్రక్కు ఇంకాస్త నెమ్మదిగా పోతుంది. నల్లజాతి ఛేజర్లు, గోధుమరంగు ఛేజర్లు తమకెదురైన అనుభవాలు పబ్లిగ్గానే చెప్పారు. నాకైతే ఇంతవరకు చెడ్డగా ఏమీ జరగలేదు. కానీ ట్రక్కు ఆగగానే చెయ్యి ఊపి, చేతులు కనపడేలా పెట్టుకుని, ‘అదిగో ఆ మబ్బు చూస్తున్నానండీ’ అని ముందు నేనే పలకరిస్తాను. నా తెల్ల స్నేహితుడికి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. ఇది మర్యాద కిందికి వస్తుందా, ఇంకేదైనా కిందికి వస్తుందా మీరే చెప్పండి.

గ్యాస్ స్టేషన్లో

ఛేజింగ్‌లో ఎక్కువ టైము గడిచేది గ్యాస్ స్టేషన్ల దగ్గరే. మబ్బు ఉబ్బేదాకా కాఫీ తాగుతూ కూర్చోవడం. పశ్చిమ ఓక్లహోమాలో అలా ఒక మధ్యాహ్నం నా పక్క సీట్లో ల్యాప్‌టాప్ మీద రాడార్ చూసి ఒక పెద్దాయన ఆగాడు. ‘మీరు ఆ సుడిగాలి బాపతేనా? ఇవాళ మాకుందా?’ అని అడిగాడు. నేను హుషారుగా ‘ఛాన్సు బాగానే ఉందండీ, సాయంత్రం ఆరు ఆ ప్రాంతంలో’ అన్నాను, క్రికెట్ మ్యాచ్ గురించి చెప్పినట్టు. ఆయన కాసేపు ఆ స్క్రీన్ వంకే చూసి, ‘మా మనవరాలు మొబైల్ హోమ్‌లో ఉంటుంది’ అన్నాడు. మొబైల్ హోమ్ అంటే చక్రాల మీద తెచ్చి దింపిన రేకుల ఇల్లు. టోర్నడోలకి ముందు పోయేవి అవే.

నా దగ్గర జవాబు లేదు. చివరికి ‘నాకు కచ్చితంగా తెలీదండీ, నేను ఊరికే చూడ్డానికి వచ్చాను. మీ ఫోన్లో వార్నింగ్ అలర్టులు వస్తున్నాయా?’ అని అడిగాను. ఆయన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే ఆపేసి ఉన్నాయి. అర్ధరాత్రి నిద్ర లేపుతున్నాయని తనే ఆపేశాడట. ఆన్ చేసి ఇచ్చాను. మనవరాలి ఫోన్లో ఎలా ఆన్ చెయ్యాలో చెప్పమన్నాడు. అది వేరే కంపెనీ ఫోను. ఆమెకి కాల్ చేసి స్పీకర్‌లో పెట్టాడు, ముగ్గురం కలిసి ఒక్కో మెనూ వెతుక్కుంటూ ఉండగా పడమటి వైపు మొదటి మబ్బు లేచింది.